కంటి సందేహాలు: స్పర్శ తెలియని కన్ను రెప్ప వేస్తుందా?

కంటి పరీక్షకు ముందు వేసే మత్తుచుక్కల గురించి, వాటికీ రెప్పపాటుకూ ఉన్న సంబంధం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకదాని జవాబు మరొకదానికి ఆధారంగా ఉంటుంది కాబట్టి వాటిని ఒకేచోట ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు యాభై రెండేళ్లు. హైస్కూలులో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా అమ్మగారికి నీటికాసులు ఉండటంతో నన్ను కూడా పరీక్ష చేయించుకోమన్నారు. కంటి ప్రెజర్ చూసే ముందు రెండు కళ్లలోనూ చుక్కలు వేశారు. మొదట చురుక్కుమంది, కాసేపటికి కళ్లు ఉన్నాయో లేవో తెలియనట్లయింది. రెప్పలు దళసరిగా, బరువుగా అనిపించాయి. వరండాలో కూర్చున్నంతసేపూ రెప్ప వేయాలనే అనిపించలేదు, కావాలని వేస్తేనే పడుతున్నట్లు తోచింది. ఆ మందుతో రెప్పపాటు ఆగిపోతుందా? ఆ కాసేపట్లో కంటికి ఏమైనా నష్టం జరిగి ఉంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెప్పపాటు ఆగిపోదు, తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది మనిషినిబట్టి మారుతుంది. రెప్ప వేయాలనిపించలేదని మీరు గమనించింది సరైనదే. కావాలని వేస్తేనే పడుతోందన్నది మాత్రం పూర్తిగా నిజం కాకపోవచ్చు, ఎందుకంటే రెప్ప వాలిన సంగతి మనకు కొంతైనా తెలిసేది కంటి మీద అది జారే స్పర్శ వల్లనే, ఆ స్పర్శే అప్పుడు మీకు లేదు. ఎదురుగా కూర్చున్నవారెవరైనా ఓపిగ్గా లెక్కపెట్టి ఉంటే, మీ ప్రమేయం లేకుండానే నిమిషానికి కొన్నిసార్లయినా రెప్పలు పడుతూనే ఉన్నాయని చెప్పి ఉండేవారు.

విషయం అర్థం కావాలంటే రెప్పపాట్లన్నీ ఒకటి కావని ముందు గుర్తించాలి. కంట్లో నలుసు పడినప్పుడు, ఎవరైనా ముఖం మీదికి చెయ్యి విసిరినప్పుడు, పక్కనే టపాకాయ పేలినప్పుడు ఠక్కున మూసుకోవడం ప్రతిచర్య. డాక్టరు మూయమంటే మూయడం మన ఇష్టపూర్వకంగా జరిగేది. ఈ రెండూ కాకుండా, పైకి ఏ కారణమూ కనబడకపోయినా, మెలకువగా ఉన్నంతసేపూ మనకు తెలియకుండా జరిగిపోయేది సహజమైన రెప్పపాటు. తీరికగా కూర్చున్న పెద్దవారిలో ఇది సాధారణంగా నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఉంటుంది. పసిపిల్లల్లో రెండు మూడుసార్లకు మించదు. 1997లో అచ్చయిన ఒక ఇటాలియన్ అధ్యయనంలో 150 మంది ఆరోగ్యవంతులను పరిశీలించగా, ఊరికే కూర్చున్నప్పుడు సగటున నిమిషానికి 17 సార్లు, మాట్లాడుతున్నప్పుడు 26 సార్లు, చదువుతున్నప్పుడు నాలుగైదుసార్లు మాత్రమే రెప్పలు వాలాయి. ఈ మూడు సందర్భాల్లోనూ గాలి అదే, కన్నూ అదే. మారింది మనసు పెట్టిన పని ఒక్కటే. అందుచేత రెప్పపాటును నడిపించేది కంటి ఉపరితలం మాత్రమే కాదని ఈ అంకెలు చూస్తేనే అనుమానం రావాలి.

ఇప్పుడు మీకు వేసిన చుక్క సంగతి. మన దేశంలో కంటి పరీక్షలకు ఎక్కువగా వాడేది 0.5 శాతం ప్రొపారకెయిన్. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా, శరీరం మొత్తంలో నరాల చివరలు అత్యంత ఒత్తుగా ఉన్న భాగాల్లో ఒకటి. ఆ నరాలు త్రిధార నాడి అనే ఐదో కపాల నాడికి చెందినవి. నరం వెంట కబురు పాకాలంటే దాని గోడలో ఉన్న సన్నని ద్వారాల గుండా సోడియం అయాన్లు లోపలికి రావాలి. మందు ఆ ద్వారాలను మూసేస్తుంది. చుక్క పడిన మొదటి క్షణాల్లో మంట పుడుతుంది, రెప్పలు టపటపా కొట్టుకుంటాయి, నీళ్లు వస్తాయి. అర నిమిషంలోపే అదంతా సద్దుమణిగి, సుమారు పది నుంచి ఇరవై నిమిషాల పాటు కార్నియాకు, కనురెప్పల లోపలి పొరకు స్పర్శ ఉండదు. పంటికి మత్తు ఇచ్చినప్పుడు పెదవి వాచినట్లు అనిపించినట్లే రెప్పలు దళసరిగా తోచడం కూడా ఇందువల్లనే. నిజానికి రెప్పలు వాయవు.

అయితే ఆ చుక్క రెప్పను కదిలించే కండరాన్ని తాకదు. రెప్పను మూసే కండరానికి ఆజ్ఞలు ముఖ నాడి, అంటే ఏడో కపాల నాడి ద్వారా అందుతాయి. తెరిచి పట్టి ఉంచే కండరానికి మూడో నాడి ద్వారా అందుతాయి. కంటి పైభాగాన వేసిన మందు వాటిదాకా పోదు. కాబట్టి కబురు మోసుకెళ్లే దారి మాత్రమే మూసుకుపోయింది, ఆజ్ఞ తెచ్చే దారి తెరిచే ఉంది. మత్తులో ఉన్న కార్నియాను దూదిపోచతో తాకితే రెప్ప పడదు. అదే పోచ వెంట్రుకల కొసలకు తగిలితే వెంటనే పడుతుంది, ఎందుకంటే రెప్ప చర్మంలో, వెంట్రుకల మొదళ్లలో ఉన్న స్పర్శ ఆ చుక్కతో పోదు. కళ్ల ముందు మెరుపు మెరిసినా, పెద్ద చప్పుడైనా కూడా పడుతుంది. ఆ కబుర్లు మెదడుకు వేరే నాడుల ద్వారా చేరతాయి.

ఇక అసలు ప్రశ్న. కబురే అందనప్పుడు సహజమైన రెప్పపాటు ఏమవుతుంది? దీని మీద వందేళ్లుగా వాదం ఉంది. కంటిని మొద్దుబార్చే మందు దొరికింది 1884లో. వియన్నాలో కార్ల్ కొల్లర్ అనే యువ వైద్యుడు కొకైన్ ద్రావణాన్ని మొదట కప్పల కళ్లలో, తర్వాత కుందేలు, కుక్క కళ్లలో, చివరికి తన కంట్లోనూ వేసుకుని, గుండుసూది తలతో కార్నియాను ఒత్తినా తెలియడం లేదని కనుక్కున్నాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 15న హైడెల్‌బర్గ్‌లో జరిగిన నేత్రవైద్యుల సమావేశానికి వెళ్లడానికి అతని దగ్గర ప్రయాణ ఖర్చులు లేకపోవడంతో, ఆ పత్రాన్ని బ్రెట్టౌర్ అనే మరో వైద్యుడు చదివి వినిపించాడు. స్పృహలో ఉన్న మనిషి కంటికి నొప్పి లేకుండా శస్త్రచికిత్స చేయడం అప్పటినుంచే సాధ్యమైంది. రెప్పపాటు గురించి ఆలోచించేవారికి కూడా ఆ మందు ఒక పరికరంగా అందివచ్చింది.

1927లో పాండర్, కెనెడీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ పరికరాన్ని వాడారు. కంటికి మత్తు ఇచ్చినా రెప్పపాటు కొనసాగుతోందని, గాలిలో తేమ మారినా పెద్దగా తేడా రావడం లేదని గమనించి, ఇది కన్ను ఎండిపోవడం వల్ల పుట్టే ప్రతిచర్య కాదని, మెదడు లోపలినుంచే వచ్చే లయ అని, మానసికమైన ఒత్తిడితో అది హెచ్చుతగ్గులవుతుందని తేల్చారు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఆ మాటే చెప్పాయి. 1997లో జపాన్‌కు చెందిన నాకమోరి, సుబోటా బృందం దీనికి దాదాపు ఎదురుగా నిలబడింది. మత్తుచుక్క వేస్తే రెప్పపాట్లు స్పష్టంగా తగ్గుతున్నాయని, కాబట్టి వాటిని ప్రధానంగా నిర్ణయించేది కంటి ఉపరితలపు స్థితేనని ఆ బృందం వాదించింది. 2005లో గ్లాస్గోలో నాసే, డౌటీ, బటన్ చేసిన పరిశీలనలో కూడా మత్తు తర్వాత రెప్పపాట్ల సంఖ్య తగ్గింది. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, తగ్గిందని చెప్పినవారెవరూ ఆగిపోయిందని చెప్పలేదు.

నా దృష్టిలో ఇరుపక్షాలూ ఒకే విషయాన్ని చెరో కొసనుంచి పట్టుకున్నాయి. కొనసాగిందన్నది పాండర్, కెనెడీలకు ముఖ్యంగా కనిపించింది, తగ్గిందన్నది జపాన్ బృందానికి ముఖ్యంగా కనిపించింది. రెండూ నిజమే కావడానికి అడ్డేమీ లేదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాలనుబట్టి, ఈ లయ పుట్టే చోటు మెదడు కాండంలో త్రిధార నాడికి సంబంధించిన కణసముదాయంలో ఉందని, దాని వేగాన్ని డోపమైన్ అనే మెదడు రసాయనం ప్రభావితం చేస్తుందని 2011లో అమెరికన్ పరిశోధకులు ప్రతిపాదించారు. పార్కిన్సన్ జబ్బు ఉన్నవారు, కళ్లకు ఏ లోపమూ లేకపోయినా, రెప్ప వేయకుండా తదేకంగా చూస్తున్నట్లు కనిపించడానికి డోపమైన్ తగ్గడమే కారణం. ఆ లయను కంటి ఉపరితలం నిరంతరం హెచ్చిస్తూ ఉంటుంది. రెప్ప తెరిచిన క్షణం నుంచి కన్నీటి పొర ఆవిరవుతుంది, ఆవిరైనకొద్దీ కార్నియా చల్లబడుతుంది, ఆ కొద్దిపాటి చల్లదనాన్ని పసిగట్టే ప్రత్యేకమైన నరాల చివరలు అక్కడ ఉన్నాయి. కళ్లు పొడిబారినవారిలో, ఎదురుగాలిలో బండి నడిపేవారిలో రెప్పపాట్లు పెరగడం ఇందువల్లనే. చుక్కమందు ఆ చివరలను నిద్రపుచ్చినప్పుడు, హెచ్చించే కబురు పోయి మెదడు సొంత లయ మిగులుతుంది. మీకు వరండాలో మిగిలింది అదే.

నష్టం మాటకొస్తే, ఒక్కసారి వేసిన చుక్కతో ఆరోగ్యంగా ఉన్న కంటికి ఏమీ కాదు. కానీ ఆ ఇరవై నిమిషాల్లో మూడు రక్షణలు ఒకేసారి తగ్గుతాయి: రెప్పపాటు తగ్గుతుంది, కన్నీరు ఊరడం తగ్గుతుంది, నలుసు పడితే చెప్పే నొప్పి ఉండదు. కన్నీరు తగ్గడం ఎంత ఖాయమంటే, కంటి తేమను కొలవడానికి కింది రెప్పలో సన్నని కాగితపు పట్టీ తగిలించి ఐదు నిమిషాలు ఉంచే షిర్మర్ పరీక్షలో, మత్తు లేకుండా చేస్తే ఎక్కువ పొడవు, మత్తుతో చేస్తే తక్కువ పొడవు తడవడం మామూలే. అందుకే కళ్లు నలుపుకోవద్దని నర్సు గారు గట్టిగా చెబుతారు. మొద్దుబారిన కంటిని నలిపితే గోరు గీసుకున్నా తెలియదు, మత్తు దిగాక తెలుస్తుంది. కనీసం అరగంట ఆగి బయలుదేరండి, దుమ్ములో స్కూటర్ మీద వెళ్లవలసి వస్తే కళ్లజోడు పెట్టుకోండి, కాంటాక్ట్ లెన్సులు వాడేవారైతే స్పర్శ పూర్తిగా తిరిగి వచ్చేదాకా వాటిని పెట్టుకోకండి. ఆ కాసేపు ఫోను చూడకుండా, అప్పుడప్పుడూ కావాలని మెల్లగా రెప్పలు మూసి తెరవండి. గాలి ఊది ప్రెజర్ చూసే యంత్రం ఉన్నచోట ఈ చుక్క అవసరమే ఉండదు. అయితే నీటికాసుల నిర్ధారణకు చుక్క వేసి, పసుపురంగు పూసి, నీలిరంగు కాంతిలో చూసే పద్ధతికే ఎక్కువ విలువ ఇస్తాం.

ప్రశ్న: నా ఎడమ కంట్లో ఇనుప రజను పడితే, మత్తుచుక్క వేసి తీశారు. ఆ కాసేపూ రెండు కళ్లూ తక్కువగానే ఆర్పుతున్నానని పక్కనున్న మా బావమరిది అన్నాడు. మందు ఒక కంటికే కదా వేసింది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ బావమరిది చూపు నిశితమైనదే. సహజమైన రెప్పపాటుకు ఆజ్ఞ మెదడు కాండం నుంచి రెండు వైపులకూ కలిపి వెళ్తుంది, అందువల్ల రెండు రెప్పలూ జంటగానే వాలతాయి. కన్ను కొట్టడం అందరికీ చేతకాకపోవడానికి కూడా ఈ జంట కట్టే కారణం. ఎడమ కంటి కబురు ఆగిపోయినప్పుడు మొత్తంగా లయను హెచ్చించే ఒత్తిడి కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదల రెండు రెప్పల్లోనూ కనిపిస్తుంది. కుడికన్ను మామూలుగా ఎండుతూ, కబురు పంపుతూనే ఉంటుంది కాబట్టి, రెండు కళ్లకూ మత్తు వేసినప్పటంతగా ఇది తగ్గదు. రజను తీశాక మచ్చలా తుప్పు వలయం మిగిలిందేమో చూపించుకోవడం మాత్రం మరచిపోకండి.

ప్రశ్న: మా తమ్ముడు గాజువాకలో వెల్డింగ్ పని చేస్తాడు. అద్దం అడ్డం పెట్టుకోకుండా పని చేసిన రోజు అర్ధరాత్రి లేచి, కళ్లలో ఇసుక పోసినట్లుందని, తెరవలేకపోతున్నానని బాధపడతాడు. ఇంతకుముందు మా అమ్మ నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టేది. ఇప్పుడు తోటివాళ్లు చెప్పిన చుక్కల సీసా మందుల దుకాణంలో కొనుక్కుని దగ్గర పెట్టుకున్నాడు. వేసుకున్న నిమిషంలో నొప్పి పోతోంది, కాసేపటికి మళ్లీ వస్తోంది, మళ్లీ వేసుకుంటున్నాడు. ఇది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఆ సీసా మీద ప్రొపారకెయిన్ అని గాని, టెట్రకెయిన్, లిగ్నోకెయిన్ వంటి ‘కెయిన్’తో ముగిసే పేరు గాని ఉంటే, ఈ ఉత్తరం చదివిన వెంటనే దాన్ని మీ తమ్ముడి దగ్గరనుంచి తీసేసుకోండి. వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు ఆందోళన కలిగించింది ఇదే.

వెల్డింగ్ మెరుపులోని అతినీలలోహిత కిరణాలు కార్నియా పైపొరలోని కణాలను కాలుస్తాయి. ఆ కణాలు రాలిపోయి నరాల చివరలు బయటపడేసరికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది, అందుకే పగలు పని చేస్తే నొప్పి రాత్రికి వస్తుంది. కంటిని అలాగే వదిలేసినా ఒకటి రెండు రోజుల్లో కొత్త కణాలు పక్కలనుంచి పాకి ఆ జాగాను కప్పేస్తాయి. మత్తుచుక్కలు ఆ పాకడాన్నే అడ్డుకుంటాయి. ఒకసారి వేస్తే పెద్ద తేడా రాదు, గంటకోసారి వేస్తే పుండు మానదు. దానికి తోడు, పైన చెప్పిన రెప్పపాటు తగ్గుదల ఇరవై నిమిషాలతో ముగియక రాత్రంతా, కొందరిలో రోజుల తరబడి సాగుతుంది. కన్నీరు తక్కువ, రెప్ప తక్కువ, పైగా నొప్పి తెలియదు గనుక కంటిని నలుపుకోవడం కూడా ఎక్కువే. పుండు మానకపోవడంతో నొప్పి మరింత తీవ్రంగా తిరిగి వస్తుంది, ఆ నొప్పికి మళ్లీ చుక్క వేస్తారు. ఇలా కొనసాగితే కార్నియాలో ఉంగరంలా తెల్లని వలయం ఏర్పడుతుంది. అది చూడటానికి ఇన్‌ఫెక్షన్‌లాగే ఉంటుంది, చుక్కల సంగతి రోగి చెప్పకపోతే డాక్టరు కూడా పొరబడవచ్చు. ఇంకా ముదిరితే కార్నియా పలచబడి చిల్లు పడుతుంది, చూపు శాశ్వతంగా పోతుంది. అందుకే ఈ మందు డాక్టరు గదిలో, డాక్టరు చేతిమీదుగా వాడవలసినదే తప్ప ఇంట్లో ఉంచుకోవలసినది కాదు.

మీ తమ్ముణ్ణి వెంటనే కంటి డాక్టరుకు చూపించి, ఎన్నాళ్లుగా ఎన్నిసార్లు వేసుకుంటున్నాడో దాచకుండా చెప్పించండి, సీసాను కూడా తీసుకెళ్లండి. మామూలుగా వెల్డింగ్ మంటకు కావలసింది కళ్లు మూసుకుని విశ్రాంతి తీసుకోవడం, పైన చల్లని తడిబట్ట, డాక్టరు రాసిన నొప్పి మాత్ర, కంటిని తడిగా ఉంచే చుక్కలు, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఆయింట్‌మెంటు. అమ్మగారి నందివర్ధనం పూల విషయంలో నాకు పెద్ద అభ్యంతరం లేదు, మూసిన రెప్పల మీద పెట్టినంతవరకు. పూలరసం గాని, చనుబాలు గాని, ఆముదం గాని కంట్లో పోయడం మాత్రం వద్దు, పుండుబడిన కార్నియాకు అవి ఇన్‌ఫెక్షన్ తెచ్చిపెడతాయి. ముఖానికి సరైన వెల్డింగ్ హెల్మెట్ పెట్టుకుంటే ఈ అర్ధరాత్రి బాధే ఉండదు. చెయ్యి ఖాళీ లేదని అద్దం పక్కన పెట్టేవారికి తలకు తగిలించుకునే రకం నయం.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మా హాస్టల్లో రెప్ప వాల్చకుండా ఎదుటివాడి కళ్లలోకి చూసే పందెం వేసుకుంటాం. మత్తుచుక్క వేసుకుంటే ఎంతసేపైనా ఉండగలమని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: ఎంతసేపైనా ఉండలేరు, కొంత ఎక్కువసేపు ఉండగలరు. పందెంలో ఓడించేది కన్నీటి పొర తెగిపోయి కార్నియా ఎండినప్పుడు పుట్టే మంట. ఆరోగ్యమైన కంట్లో కూడా ఆ పొర రెప్ప వేయకపోతే పది సెకన్లు దాటాక అక్కడక్కడా చీలడం మొదలుపెడుతుంది. మంట తెలియకపోతే ఆపుకోవడం తేలికవుతుంది, కానీ మెదడు లోపలి లయ అలాగే ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు రెప్ప పడక తప్పదు. ఎండటం మాత్రం ఆగదు, దాన్ని చెప్పేవాడు లేడంతే. దమయంతీ స్వయంవరంలో రెప్ప వేయనివారు దేవతలని, వేసినవాడు నలుడని గుర్తుపట్టినట్లు కథ. మీ పందెంలో మందు లేకుండా ఓడిపోయినవాడే బుద్ధిమంతుడని నా తీర్పు. పై ఉత్తరానికి రాసిన జవాబును మీ స్నేహితుడి చేత కూడా చదివించండి.

ప్రశ్న: మా అమ్మకు శుక్లం ఆపరేషన్‌కు కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చి, మర్నాటిదాకా పట్టీ కట్టి ఉంచారు. మా పిన్నికి వేరేచోట చుక్కలతోనే చేసి, పట్టీ లేకుండా నల్లకళ్లద్దాలు పెట్టి ఇంటికి పంపారు. అమ్మ విషయంలో ఏదైనా ఇబ్బంది వచ్చిందా అని మాకు సందేహం. పైగా చుక్కలతో చేస్తే మధ్యలో రెప్ప పడదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇబ్బందేమీ కాదు, రెండూ సరైన పద్ధతులే. ఇంజెక్షన్ మందు కంటి చుట్టూ వ్యాపించి స్పర్శతోపాటు కనుగుడ్డును తిప్పే కండరాలను, చాలావరకు రెప్ప కండరాలను కూడా కొన్ని గంటలపాటు నిశ్చేష్టం చేస్తుంది. అంటే ఆ కంటికి కబురు తెలియదు, తెలిసినా రెప్ప కదలదు. మూయలేని కన్ను తెరిచి ఉంటే ఎండిపోతుంది గనుక పట్టీ కట్టి మూసి ఉంచారు. మీ పిన్నిగారికి వేసిన చుక్కలు స్పర్శను మాత్రమే తీశాయి, కండరం పనిచేస్తూనే ఉంది, అందుకే పట్టీ అవసరం పడలేదు.

మధ్యలో రెప్ప పడదా అన్నది మంచి ప్రశ్న. ఆవిడ రెప్ప వేయడానికి ప్రయత్నిస్తూనే ఉంటారు, కానీ రెండు రెప్పలనూ విడదీసి పట్టి ఉంచే చిన్న తీగ క్లిప్పు వల్ల అవి మూసుకోవు. రెప్ప చేయవలసిన పనిని అప్పుడు మనుషులు చేయాలి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ సహాయకులు ఉప్పునీటి వంటి శుద్ధ ద్రావణాన్ని కార్నియా మీద చుక్కలు చుక్కలుగా వదులుతూ ఉంటారు. కాస్త ఆలస్యమైతే పైపొర మసకబారి, సర్జన్‌కు మైక్రోస్కోపులో లోపలి లెన్సు స్పష్టంగా కనబడదు. చుట్టూ చూపులు తిప్పకుండా, పిలిచినప్పుడు పలుకుతూ కదలకుండా ఉండగలిగినవారికి చుక్కలు చాలు. భయస్తులకు, చెవులు సరిగ్గా వినబడనివారికి, శుక్లం బాగా ముదిరినవారికి ఇంజెక్షన్ నయమని సర్జన్ అనుకోవచ్చు. అమ్మగారి విషయంలో అటువంటి ఆలోచనే చేసి ఉంటారు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కళ్లజోడు అవసరం లేకుండా చేసే లేసిక్ ఆపరేషన్ చేయించుకుని కొన్ని నెలలైంది. చూపు బ్రహ్మాండంగా ఉంది. కానీ వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే అంతలా గుడ్లప్పగించి చూస్తావేమిటని మా ఆవిడ అంటోంది. సాయంత్రానికి చూపు మసకబారి, రెండుసార్లు రెప్ప వేస్తే తేటపడుతోంది. ఆపరేషన్ చెడిందంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పినదాన్నిబట్టి చెడినట్లు లేదు. లేసిక్‌లో కార్నియా పైన పలచని మూతలాంటి పొరను కోసి పక్కకు తెరుస్తారు. ఆ కోతలో కార్నియా నరాలు చాలావరకు తెగుతాయి. మత్తుచుక్క ఇరవై నిమిషాలకు చేసే పనిని ఈ కోత, కొంత తక్కువ మోతాదులో, నెలల తరబడి చేస్తుంది. స్పర్శ తిరిగి రావడానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, ఈలోగా రెప్పపాటు, కన్నీరు రెండూ తగ్గడం తెలిసిన విషయమే. దానికి మీ ఉద్యోగం తోడైంది. 1993లో జపాన్‌లో 104 మంది ఆఫీసు ఉద్యోగులను పరిశీలిస్తే, తీరికగా ఉన్నప్పుడు నిమిషానికి 22 సార్లు వాలిన రెప్పలు, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లకు, కంప్యూటర్ ముందు 7 సార్లకు పడిపోయాయి. రెండు కారణాలు కలిసినచోట సాయంత్రపు మసక సహజం. రెప్ప వేస్తే తేటపడటం కన్నీటి పొర చెదిరిందనడానికి గుర్తు.

ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు డాక్టరు చెప్పిన లెక్కన వాడండి. స్క్రీను కంటి ఎత్తుకు కొంచెం కిందికి ఉండేలా దించండి, అప్పుడు కన్ను తక్కువగా తెరుచుకుంటుంది, తక్కువగా ఎండుతుంది. శీతాకాలంలో హీటర్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూసుకోండి. రెప్ప వేసేటప్పుడు పూర్తిగా మూసుకునేదాకా వేయండి, స్క్రీను ముందు చాలామంది సగం రెప్పతోనే సరిపెట్టేస్తారు. మీ ఆవిడ మాట మీద అలగకండి, మీకు తెలియని లక్షణాన్ని ఆవిడే ముందు పట్టుకున్నారు.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు, చక్కెర జబ్బు ఉంది. కొంతకాలం కిందట నుదుటి మీద, ముక్కు కొన మీద సర్పి లేచి తగ్గిపోయింది. ఇప్పుడు ఆ వైపు కన్ను ఎర్రగా ఉంటోంది, చూపు మందగించింది. నొప్పి ఏమాత్రం లేదు కాబట్టి పండగ అయ్యాక చూపించుకుంటానంటున్నారు. ఆగవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఆగకండి. ఈ కేసులో నొప్పి లేకపోవడమే ప్రమాద సూచన. సర్పి వైరస్ త్రిధార నాడిలోని పై శాఖలో దాక్కుని లేస్తుంది. ముక్కు కొనకు స్పర్శనిచ్చే కొమ్మే కార్నియాకు కూడా నరాలను పంపుతుంది, అందుకే ముక్కు కొన మీద పొక్కులు లేస్తే కంటికి కూడా సోకే అవకాశం ఎక్కువని డాక్టర్లు భావిస్తారు. ఆ నరాలు దెబ్బతింటే కార్నియా ఏ చుక్కా వేయకుండానే మొద్దుబారిపోతుంది. చక్కెర జబ్బు పాదాలకు స్పర్శ తగ్గించినట్లే కంటికీ తగ్గించగలదు కాబట్టి మీ నాన్నగారి విషయంలో రెండూ కలిసి ఉండవచ్చు. అలాంటి కంట్లో రెప్పపాటు, కన్నీరు తగ్గడంతోపాటు, కార్నియా కణాలను బతికించే పోషక పదార్థాలను నరాలు విడుదల చేయడం కూడా తగ్గుతుంది. ఫలితంగా పైపొర దానంతటదే రాలి పుండుపడుతుంది. మామూలు కంట్లో ఇలాంటి పుండు మనిషిని రాత్రంతా నిద్రపోనివ్వదు. మీ నాన్నగారు హాయిగా నిద్రపోతున్నారు.

రెండో కన్ను బాగానే ఉండి కబురు పంపుతూ ఉండటం వల్ల రెప్పలు మరీ తక్కువగా పడుతున్నట్లు మీకు కనిపించకపోవచ్చు, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఆసుపత్రికి వెళ్లగానే సర్పి సంగతి ముందు చెప్పండి, ప్రెజర్ పరీక్షకు చుక్క వేయకముందే కంటి స్పర్శను చూడమని అడగండి. చుక్క పడిందంటే స్పర్శ జబ్బు వల్ల పోయిందో మందు వల్ల పోయిందో తేల్చడం సాధ్యం కాదు. ఆ పరీక్ష క్షణంలో అయిపోతుంది: దూదిని సన్నని పోచలా మెలిపెట్టి, పక్కనుంచి తెచ్చి, వెంట్రుకలకు తగలకుండా కార్నియా అంచును తాకి, రెప్ప పడిందో లేదో చూస్తారు, రెండు కళ్లనూ పోల్చుతారు. దశనుబట్టి ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, రోగి సొంత రక్తంనుంచి తయారుచేసే సీరం చుక్కలు, కట్టులా పనిచేసే కాంటాక్ట్ లెన్సు, పుండు మానేదాకా రెప్పల అంచులను కొంతమేర కలిపి కుట్టడం వంటి చికిత్సలు ఉన్నాయి. నరాలను పెంచే ప్రొటీన్‌తో చేసిన చుక్కలకు అమెరికాలో 2018లో అనుమతి లభించింది, అవి చాలా ఖరీదైనవి. తొలిదశలో వెళ్తే అంతదాకా పోకుండా చుక్కలతోనే సరిపోవచ్చు. పండగ పనులు తర్వాత చూసుకోవచ్చు, రేపు ఉదయమే తీసుకెళ్లండి.